లేసు, ఊలు, రాట్నం: నేర్పేవాళ్ల కోసం నా వెతుకులాట

ఒకే కొక్కెపు సూదితో అల్లే క్రోషియా, రెండు సూదులతో అల్లే నిట్టింగ్, నూలు వడికే రాట్నం. వీటిలో ఏది నేర్చుకోవాలన్నా ఇవాళ పాఠాలకు కొదవ లేదు. ఫోన్‌లో తెలుగులో అడిగినా బోలెడు వీడియోలు వస్తాయి. అయినా సగం అల్లిన స్కార్ఫో, చేతుల దగ్గర ఆగిపోయిన బేబీ స్వెటరో అల్మరాలో పడి ఉన్న ఇళ్లు నాకు చాలా తెలుసు. వాళ్లకు ఓపిక లేదని నేననుకోను. దొరికిన పాఠాలన్నీ చేతులు ఎలా కదపాలో చూపించి వదిలేశాయి. అల్లినదాన్ని చూసి అందులో ఏం జరుగుతోందో తెలుసుకోవడం మాత్రం ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ కొన్నేళ్లుగా ఈ పనులు ఒకదాని తర్వాత ఒకటి నేర్చుకుంటూ వచ్చాను. ఎక్కడ ఏం దొరికిందో, ఏది నిజంగా పనికొచ్చిందో, ఏది దండగో రాస్తున్నాను.

మొదలుపెట్టింది క్రోషియాతో. ఖర్చు తక్కువ. ఒక సూది, ఒక దారపు ఉండ ఉంటే చాలు, నచ్చకపోతే పోయేదేమీ లేదు. మొదట్లో అంతా యూట్యూబే. గొలుసు వేయడం, దాని మీద పొట్టి కుట్లు, పొడుగు కుట్లు వేయడం, గుండ్రంగా తిప్పడం, ఇంతవరకు ఏ వీడియో చూసినా వచ్చేస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. వీడియో నడుస్తున్నంతసేపు పువ్వు అల్లగలం. ఆపేస్తే తర్వాతి కుట్టు ఏ రంధ్రంలో వేయాలో తెలియదు. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోవడానికి వీడియోను ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చోవాలి. చాలామంది "ఇక్కడ గుచ్చండి, దారం లాగండి, మళ్లీ ఇక్కడ గుచ్చండి" అంటూ పోతారు. ఆ "ఇక్కడ" అంటే ఏ కుట్టు, అక్కడే ఎందుకు, పక్కన గుచ్చితే ఏమవుతుంది, ఇవేవీ చెప్పరు.

దానికి తోడు పేర్ల గందరగోళం. ఇది ముందే తెలిస్తే చాలామందికి తలనొప్పి తప్పుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. క్రోషియా కుట్లను అమెరికావాళ్లు ఒక రకంగా పిలుస్తారు, బ్రిటన్‌వాళ్లు ఇంకో రకంగా. మాటలు అవే, కానీ ఒక మెట్టు జరిగి ఉంటాయి. అమెరికాలో సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టు బ్రిటన్‌లో డబుల్ క్రోషే. అమెరికా డబుల్ అక్కడ ట్రెబుల్. అమెరికా ట్రెబుల్ అక్కడ డబుల్ ట్రెబుల్. మన దేశంలో పాత కుట్టుపని పుస్తకాలు, కాన్వెంట్లలో నేర్చుకున్న పెద్దవాళ్లు చెప్పేవి ఎక్కువగా బ్రిటన్ పేర్లు. యూట్యూబ్‌లో ఎక్కువగా నడిచేది అమెరికా పేర్లు. తెలుగు వీడియోల్లో రెండూ కలిసిపోయి ఉంటాయి. ఒకావిడ డబుల్ అంటే పొడుగు కుట్టు, ఇంకొకావిడ డబుల్ అంటే పొట్టి కుట్టు. బ్రిటన్ లెక్కలో రాసిన గుండ్రటి టేబుల్ మ్యాట్‌ను అమెరికా లెక్కలో అల్లితే వరసల ఎత్తు పెరిగిపోయి, కుట్ల సంఖ్య దానికి చాలక, చదునుగా పరుచుకోవాల్సిన మ్యాట్ అంచులు పైకి లేస్తాయి. దారం మంచిది కాదనుకుని ఇంకో రకం కొనేవాళ్లను చూశాను. ఒక గుర్తు చెబుతాను: నమూనాలో ఎక్కడైనా "సింగిల్ క్రోషే" అని కనిపిస్తే అది అమెరికాది. ఇప్పటి బ్రిటన్ నమూనాల్లో ఆ పేరు వాడరు. ఎక్కడా ఏ పద్ధతో చెప్పని నమూనాను నేను డబ్బిచ్చి కొనను.

ఈ గొడవ నుంచి నన్ను బయటపడేసింది గుర్తులతో గీసిన నమూనా, అంటే చార్టు. సన్నగా సాగిన సున్నా గొలుసు కుట్టు. నల్ల చుక్క జారుడు కుట్టు. ప్లస్ గుర్తో ఇంటూ గుర్తో ఉంటే పొట్టి కుట్టు. ఇంగ్లీషు టి అక్షరం గీసి దాని ఒంటికి అడ్డగీత పెడితే పొడుగు కుట్టు. అడ్డగీతలున్నచోట ఎన్ని గీతలుంటే సూదికి అన్నిసార్లు దారం చుట్టుకోవాలి. అంతే. ఏ దేశం వాళ్లు గీసినా దాదాపు ఇవే గుర్తులు. జపాన్ అల్లిక పుస్తకాలు ఎక్కువగా ఈ గుర్తుల మీదే నడుస్తాయి కాబట్టి ఆ భాషలో ఒక్క అక్షరం రాకపోయినా అల్లుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి కుట్టు కింది వరసలో దేని మీద నిలబడుతుందో చార్టులో కళ్లకు కనిపిస్తుంది. వీడియోలో "ఇక్కడ" అన్నదానికి జవాబు అక్కడ దొరుకుతుంది. మొదటిరోజు నుంచే వీడియో పక్కన చార్టు పెట్టుకోమని నన్నడిగిన ప్రతివాళ్లకూ చెబుతున్నాను. చార్టు ఇవ్వని టీచర్ ఎంత పేరున్నవాళ్లయినా నాకు రెండో వరస వాళ్లే.

అయితే చార్టు కూడా లేకుండా అల్లేవాళ్లున్నారు. మా అత్తగారి పుట్టిల్లు పాలకొల్లు పక్క పల్లె. అక్కణ్నుంచి నరసాపురం, మొగల్తూరు దాకా ఊళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా లేసు అల్లుతున్నారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ కుటుంబాలు తెచ్చిన పని ఇది. అక్కడ లేసు అంటే క్రోషియాతో అల్లిందే. నరసాపురం లేసుకు 2024లో జీఐ, అంటే భౌగోళిక సూచిక గుర్తింపు కూడా వచ్చింది. వ్యాపారి దగ్గర్నుంచి ఏజెంటు దారం తెస్తాడు, ఇళ్లలో కూర్చుని అల్లుతారు, ముక్కకింతని ఇస్తారు. ఒకరు పువ్వులే అల్లుతారు. వాటిని కలిపి దుప్పటో బల్లగుడ్డో చేసే అతుకుపని ఇంకొకరిది. తన చేతిలోంచి వెళ్లిన పువ్వు చివరికి ఏ వస్తువైందో అల్లినావిడ చూడకపోవడమూ మామూలే.

మా పెద్దత్తయ్య, అంటే మా అత్తగారి అక్క, ఆ పనిలోనే ముసలిదైపోయింది. సంక్రాంతికి వెళ్లినప్పుడు నా సూది, పుస్తకం పట్టుకుని ఆవిడ దగ్గర కూర్చున్నాను.

"నమూనా ఎక్కడ రాసుకుంటారు పెద్దత్తయ్యా?" అని అడిగాను.

"రాసుకునేదేముందమ్మాయ్? పువ్వు చేతిలో ఉంది కదా. మొదలెక్కడో పట్టుకో, మిగతాది అదే చెబుద్ది" అంది.

ఏజెంటు శాంపిల్ ఒకటి ఇచ్చి పోతాడట. ఆవిడ దాన్ని వెలుతురుకు పెట్టి, తిప్పి, మధ్యలో గొలుసు ఎన్ని కుట్లతో కలిపారో లెక్కపెట్టి, అంచు ఎక్కడ ముగిసిందో వేలితో తడిమి పక్కన పెట్టేస్తుంది. తర్వాత చూడను కూడా చూడదు. నాకు ఎలా నేర్పిందనుకున్నారు? అల్లమనలేదు. తను అల్లిన పువ్వు ఒకటి నా చేతిలో పెట్టి, చివర ముడి కత్తిరించి, "ఒక్కో కుట్టే ఇప్పు. ఇప్పేముందు అది దేంట్లోంచి వచ్చిందో చెప్పు" అంది. చెప్పకుండా రెండు కుట్లు ఒకేసారి లాగితే చేతి మీద ఒక్కటేసేది. పువ్వంతా విప్పాక అదే దారంతో మళ్లీ అల్లమంది. అప్పటికే దాని ప్రతి కుట్టూ వెనకనుంచి ముందుకు చూసేసి ఉన్నాను కాబట్టి చెయ్యి తడుముకోలేదు.

ఇంతకు మించిన పాఠం ఈ విషయంలో నాకు ఇంకెక్కడా దొరకలేదు. దీనికి టీచర్ కూడా అక్కర్లేదు. అల్లినది ఏదైనా పాతది తీసుకుని, విప్పుతూ కాగితం మీద గుర్తులు రాసుకుంటూ పోతే చార్టు తయారవుతుంది. మొదట్లో లావు దారంతో అల్లినది, లేత రంగుది తీసుకోండి. నలుపు, నేవీ బ్లూ దారాల్లో కుట్లు పెద్దత్తయ్య కంటికే ఆనవు.

ఇక్కడొక మాట. ఈ పని బాగా వచ్చినవాళ్లకు నేర్పే తీరిక ఉండదు, ఎందుకంటే ముక్క పూర్తయితేనే డబ్బులు. వాళ్ల దగ్గర కూర్చున్నంతసేపు వాళ్ల కూలి మనం తినేస్తున్నట్టే. చుట్టమైనా సరే ఆ రోజు కూలి లెక్కకట్టి ఇవ్వాలి. పెద్దత్తయ్య తీసుకోనంటే మనవరాలి ఫీజుకని చెప్పి ఇచ్చి వచ్చాను.

నగరంలో డబ్బిచ్చి చేరిన వీకెండ్ క్లాసు దీనికి పూర్తిగా విరుద్ధం. ఏసీ గది, కాఫీ, అందరికీ ఒకే రంగు దారంతో ఒక కిట్టు. సాయంత్రానికి అందరి చేతుల్లో తలా ఒక కీచైన్ బొమ్మ. చివరి రెండు వరసలు టీచరే గబగబా అల్లిచ్చేసింది. ఫోటోలు బాగా వచ్చాయి, ఇంటికొచ్చి ఇంకో బొమ్మ అల్లుదామంటే ఎవరికీ రాలేదు. సరదాకైతే తప్పుపట్టను. నేర్చుకోవడానికైతే చేరేముందు ఒక ప్రశ్న అడగండి: "తప్పు పోతే విప్పి సరిచేయడం కూడా చూపిస్తారా?" జవాబు నసిగితే ఆ డబ్బుతో దారం కొనుక్కోవడం మేలు.

ఈ మధ్య ఇంకో బెడద వచ్చింది. ఆన్‌లైన్‌లో అమ్మే నమూనాల్లో కొన్నిటికి బొమ్మలు కంప్యూటర్ ఏఐతో చేసినవి. అసలు ఆ వస్తువు ఎవరూ అల్లలేదు. నేనూ ఒకటి కొన్నాను. ఎనిమిదో వరసకే కుట్ల లెక్క కుదర్లేదు, అమ్మినవాళ్ల నుంచి జవాబు లేదు. అప్పట్నుంచి ఫోటోను పెద్దది చేసి చూడటం అలవాటైంది. నిజంగా అల్లినదైతే ఒక వరసను ఈ చివర్నుంచి ఆ చివరికి కంటితో పట్టుకుని వెళ్లవచ్చు. ఏఐ బొమ్మలో కుట్లు మధ్యలో కలిసిపోతాయి, ఒక పక్క నిట్టింగ్‌లా, ఇంకో పక్క క్రోషియాలా ఉంటాయి. పెద్దత్తయ్య నేర్పిన చూపు ఇక్కడ కూడా అక్కరకొచ్చింది.

నిట్టింగ్‌కు వచ్చేసరికి మొదటి తగాదా దుకాణంలోనే. సికింద్రాబాద్ జనరల్ బజార్లో ఊలు కొంటూ, అమెరికా వీడియోలో చెప్పినట్టు "ఎనిమిదో నంబరు సూదులు" అడిగితే ఇచ్చారు. మన దగ్గర సూదుల మీద చాలావరకు పాత బ్రిటన్ నంబర్లే ఉంటాయి. ఆ లెక్కలో ఎనిమిది అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా లెక్కలో ఎనిమిది అంటే 5 మిల్లీమీటర్లు. పైగా బ్రిటన్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికా లెక్కలో లావవుతుంది. పదో నంబరు బ్రిటన్‌ది 3.25 మిల్లీమీటర్లు, అమెరికాది 6 మిల్లీమీటర్లు. నంబర్లు పక్కన పెట్టి మిల్లీమీటర్లు అడగడం ఒక్కటే దారి. ఊలు సంగతీ ఇంతే. లేబుల్ మీద 4 ప్లై అని ఉన్నంత మాత్రాన అన్ని దేశాల్లో ఒకే లావు కాదు. ప్లై అంటే ఎన్ని పోగులు కలిపి పేనారన్నదే, ఒక్కో పోగు ఎంత లావో అది చెప్పదు. అమెరికాలో క్రాఫ్ట్ యార్న్ కౌన్సిల్ అనే సంస్థ 0 నుంచి 7 వరకు లావు నంబర్లు పెట్టింది. నమూనాలో ఆ నంబరు ఉంటే ఊలును స్కేలు మీద పక్కపక్కన చుట్టి అంగుళానికి ఎన్ని చుట్లు పట్టాయో చూసి పోల్చుకోవచ్చు. చివరికి ఏ లేబులూ నమ్మనక్కర్లేకుండా 10 సెంటీమీటర్ల చదరం అల్లి కుట్లు లెక్కపెట్టుకోవడమే. డీకే, అంటే డబుల్ నిట్టింగ్ అనే లావు రకం ఊలుకు 4 మిల్లీమీటర్ల సూదులతో సుమారు 22 కుట్లు, 28 వరసలు అని మామూలుగా రాస్తారు. నాకు 20 దగ్గరే ఆగుతుంది, నాది వదులు చెయ్యి. అందుకని ఒక సైజు సన్న సూది తీసుకుంటాను.

నిట్టింగ్ నేర్పింది మా కింది ఫ్లాటు పంజాబీ ఆంటీ. టీవీ సీరియల్ మీద నుంచి చూపు తిప్పకుండా సీదా, ఉల్టా, సీదా, ఉల్టా అని అల్లేస్తుంది. నిట్టింగ్‌లోని రెండు మూల కుట్లు, నిట్, పర్ల్, వాటి పేర్లే అవి. హిందీలో నేర్పింది, నాకు ఆ రెండు మాటలే ఇప్పటికీ నాలుక మీద ఆడతాయి. ఆవిడ దగ్గర నేర్చుకున్నది, వీడియోలో చూసింది కలిపి అల్లితే బట్టలో అక్కడక్కడ కుట్లు మెలి తిరిగి బిగుసుకున్నాయి. ఆంటీని అడిగితే వీడియో తప్పంది. వీడియో ప్రకారం ఆంటీది తప్పు. నిజానికి ఇద్దరిదీ సరైనదే.

సంగతేమిటంటే, కుట్టు సూది మీద గుర్రమెక్కిన మనిషిలా కూర్చుంటుంది, ఒక కాలు ఇటు, ఒక కాలు అటు. సూది మొనకు దగ్గరగా ఉన్న కాలు మనవైపు ఉంటే ముందునుంచి గుచ్చాలి. ఆ కాలు వెనకవైపు ఉంటే వెనకనుంచి గుచ్చాలి. ఆంటీ ఉల్టా వేసేటప్పుడు దారాన్ని వీడియోలో దానికి ఎదురు దిక్కున చుట్టుతుంది. దాంతో కుట్టు అటు తిరిగి కూర్చుంటుంది, తర్వాతి వరసలో ఆవిడ వెనకనుంచి గుచ్చుతుంది, లెక్క సరిపోతుంది. ఉల్టా ఆంటీలాగా వేసి, సీదా వీడియోలాగా వేస్తే మాత్రం మెలిక తప్పదు. ఇది నాకు ఏ ఒక్కరూ పూర్తిగా చెప్పలేదు. ఆంటీ వేళ్లను ఫోన్‌లో రికార్డు చేసుకుని, వీడియో పక్కన పెట్టి, నెమ్మదిగా నడిపి చూస్తే అర్థమైంది. కంప్యూటర్‌లో యూట్యూబ్ ఆపి ఉంచి ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు, కామా మీట నొక్కితే ఒక్కో ఫ్రేము వెనక్కి వెళుతుంది. దారం సూదికి ఏ దిక్కున చుట్టుకుందో అప్పుడు తేటగా కనిపిస్తుంది. ఈ కిటుకు తెలిశాక నేను వీడియోలను ఎంచుకునే తీరే మారింది. మాటలు ఎంత తియ్యగా ఉన్నా, అల్లేమనిషి భుజం వైపునుంచి కాక ఎదురుగా కెమెరా పెట్టి తీసినవి పక్కన పెట్టేస్తాను. ఎదుటినుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎడమచేతి వాటం వాళ్లకు మాత్రం వీడియోను అద్దంలో చూసినట్టు తిప్పి పెట్టుకుంటే అదే పాఠం పనికొస్తుంది.

నమూనాల కోసం ఎక్కువగా వెళ్లేది రావెల్రీకి. 2007లో మొదలైన సైటు, నిట్టింగ్, క్రోషియా చేసేవాళ్లదే. ఖాతా ఉచితం, ఉచిత నమూనాలను వేరుగా ఏరుకోవచ్చు. నేను నమూనా కంటే ముందు చదివేది, దాన్ని అల్లినవాళ్లు రాసుకున్న నోట్సు. "మెడ బిగుతైంది", "ఊలు ఒక ఉండ ఎక్కువ పట్టింది", "చేతుల దగ్గర లెక్క తప్పు ఉంది" అని ముందే తెలిసిపోతుంది. ఒక్కరూ అల్లని నమూనాను నేను ముట్టుకోను.

పాత పుస్తకాల్లో తెరెజ్ ద దిల్మాన్ 1886 ప్రాంతంలో రాసిన సూదిపని విజ్ఞాన సర్వస్వం, పాత పుస్తకాలు ఉంచే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైటులో ఇంగ్లీషులో ఉచితంగా ఉంది. నిట్టింగు, క్రోషియా రెండింటికీ అధ్యాయాలున్నాయి. అందులోని చేతి బొమ్మలు ఇప్పటి చాలా వీడియోలకంటే స్పష్టం. గీసినవాళ్లకు కుట్టు నిర్మాణం తెలుసు, అనవసరమైన వేళ్లు గీయలేదు. భాష మాత్రం పాతది, ఓపిక కావాలి.

ఇక నూలు వడకడం. దీనికి పాఠాలు దొరకడం నిజంగానే కష్టం, దొరికినవి మనకు సరిపోవు. ఇంగ్లీషు వీడియోలు దాదాపు అన్నీ గొర్రె ఊలు గురించే. కదురును, అంటే నూలు చుట్టుకునే పుల్లను, గాల్లో వేలాడదీసి తిప్పుతారు. ఊలు పోచ పొడుగు కాబట్టి ఆ బరువును మోస్తుంది. మన పత్తి పోచ వేలి కణుపంత. కదురు వేలాడదీశామా, మెలిక ఎక్కేలోపే తెగి కింద పడుతుంది. పత్తికి కావలసింది కదురు బరువు నూలు మీద పడని పద్ధతి. తకిలీని, అంటే వేళ్లతో తిప్పే చిన్న కదురును, పింగాణీ గిన్నెలో మొన ఆనించి తిప్పాలి, లేదా రాట్నం పట్టాలి.

తకిలీ నేర్పింది మా నాన్నగారి స్నేహితుడు, రిటైరైన మాస్టారు. 1937లో వార్ధాలో రూపుదిద్దుకున్న బునియాదీ విద్యలో, అంటే చేతిపనితో కలిపి చదువు నేర్పే పద్ధతిలో, నూలు వడకడం కూడా పాఠమే. ఆయన బడికి వెళ్లే రోజుల దాకా ఆ అలవాటు మిగిలి ఉందట. తకిలీ ఆయన చేతికివ్వగానే వేళ్లు వాటంతట అవే నడిచాయి. "మార్కులేసేవారమ్మా దీనికి" అన్నారు. మన చుట్టూ ఆ వయసువాళ్లు ఇంకా ఉన్నారు, అడిగేవాళ్లే లేరు. మీ ఇంట్లో తాతగారినో అమ్మమ్మనో ఒకసారి అడిగి చూడండి.

తర్వాత ఒక ఖాదీ దుకాణంలో పెట్టె రాట్నం కొన్నాను. గాంధీ ఎరవాడ జైల్లో ఉన్నప్పుడు మెరుగుపరిచారని దాన్ని ఎరవాడ చరఖా అని కూడా అంటారు. మూత తీస్తే లోపల ఒక పెద్ద చక్రం, ఒక చిన్న చక్రం, కదురు. వాడే పద్ధతి చెప్పే కాగితం ఒక్కటీ లేదు. అమ్మినతనికీ తెలియదు. దారం జారిపోవడం, కదురు అదరడం, వీటితోనే రోజులు గడిచాయి. ఖాదీ ఉద్యమం నాటి చిన్న పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతికితే కొన్ని దొరికాయి. కదురుకూ చక్రానికీ మధ్య దారం ఎంత బిగుతుండాలి, కదురు ఒంకర పోతే ఎలా సరిచేయాలి లాంటివి వాటిలో తెలిశాయి. యంత్రం కుదిరింది కానీ నూలు మాత్రం తెగుతూనే ఉంది.

పొందూరు వెళ్లింది అందుకే. శ్రీకాకుళం జిల్లాలో హౌరా లైను మీద స్టేషనున్న ఊరు. 1949 నుంచి అక్కడ ఖాదీ కార్మికుల సంఘం నడుస్తోంది. సన్న ఖాదీకి పొందూరును మించింది లేదంటారు, వడికే నూలు 100 కౌంటు దాకా, అంతకు పైనా ఉంటుంది. కౌంటంటే ఒక పౌను నూలులో 840 గజాల చుట్టలు ఎన్ని వస్తాయన్న లెక్క. వంద కౌంటంటే ఒక పౌను పత్తి 84,000 గజాల నూలవుతుందన్నమాట. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్న పళ్లకు చెత్తా నలకా పోయి పోచలు ఒక దారికొస్తాయి. గింజ తీసి, ఏకి, వడకడానికి సన్నటి దూది చుట్టలు, అంటే ఏకులు చేసి, అవి నలగకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు. ఇరవై నాలుగు ఆకులు, అంటే చువ్వలు, ఉన్న పెద్ద చక్రం, ఒంటి కదురు. యంత్రం చూడటానికి నా పెట్టె రాట్నం కంటే మొరటుగా ఉంటుంది.

వడుకుతున్న ఒక పెద్దావిడ పక్కన కూర్చోనిచ్చింది. నా చేతికి ఏకు ఇచ్చి చూసింది.

"ఏటమ్మా అంత గట్టిగా పట్టీసినావు? ఒగ్గీ. ఒగ్గితేనే వస్తాది."

వేళ్లు నిజంగానే ఏకును పిండేస్తున్నాయి. ఊలు వీడియోల్లో పోచలను ముందుకు లాగి, ఆ తర్వాత మెలిక ఎక్కనిస్తారు, అందుకు గట్టిగా పట్టుకోవాలి. పత్తిలో పని తలకిందులు. ఏకును వదులుగా పట్టుకుని చెయ్యి వెనక్కి పోనివ్వాలి. చక్రం తిరిగేకొద్దీ మెలిక పాకుతూ వచ్చి తనకు కావలసినన్ని పోచలను తనే ఏకులోంచి లాక్కుంటుంది. ఆవిడ చెయ్యి భుజం వెనక దాకా వెళ్లి, క్షణం ఆగి, నూలు కదురుకు చుట్టుకోవడానికి తిరిగొచ్చేది. ఆ ఆగడంలో ఆవిడ నూలును చూస్తోంది. ఎక్కడైనా లావుగా ఉబ్బుంటే ఇంకాస్త వెనక్కి లాగేది. మెలిక ముందు సన్నపు చోటికే పరిగెడుతుంది, లావు చోటు ఇంకా మెత్తగానే ఉంటుంది, అందుకే లాగితే లావే సాగి సమానమవుతుంది. నూలు తెగడానికి రెండే కారణాలట: మెలిక చాలకపోతే పోచలు జారి విడిపోతాయి, ఎక్కువైతే నూలు ఉండ చుట్టుకుని పుటుక్కుమంటుంది. రెండూ తెగడమే అయినా తెగిన కొన చూస్తే ఏదో తెలిసిపోతుంది. జారి విడిపోయిన కొన మెత్తగా, కూచిగా ఉంటుంది. మెలిక ఎక్కువై తెగింది మొద్దుగా ఉండి వెంటనే సుడి తిరుగుతుంది.

ఇంటికొచ్చాక దీనికి ఒక పరీక్ష కలుపుకున్నాను. కొత్తగా వడికిన నూలు జానెడు తీసుకుని మధ్యకు మడిచి వదిలితే రెండు పోగులూ ఒకదానికొకటి చుట్టుకుంటాయి. ఆ చుట్లు వదులుగా ఉంటే మెలిక తక్కువ, ఒత్తుగా ఉంటే ఎక్కువ. బాగా కుదిరిన రోజు ఆ జానెడు ముక్కను అట్టకు అంటించుకున్నాను. తర్వాత వడికినప్పుడల్లా దాని పక్కన పెట్టి చూసుకుంటున్నాను. అచ్చు పెద్దత్తయ్య శాంపిల్ పద్ధతే.

ఏకులు హైదరాబాద్‌లో తేలిగ్గా దొరకవు. ఖాదీ సంఘాల వాళ్లను అడిగి తెప్పించుకుంటాను. వర్షాకాలంలో తేమ పట్టి సరిగ్గా సాగవు కాబట్టి చలికాలానికి చూసుకుని తెచ్చుకోవడం మంచిది. కొత్తవాళ్లు మెడికల్ షాపు దూదితో ప్రయత్నించకండి. దాన్ని శుభ్రం చేసేటప్పుడు పోచల మీది సహజమైన మైనం పోతుంది. జారాల్సినచోట పట్టేస్తుంది, చేతకాదేమో అని ఊరికే బెంగపెట్టుకుంటారు.

ఇప్పుడు నల్ల ఊలు మీద పడ్డాను. తెలంగాణలో గొంగడి నేసే దక్కనీ గొర్రె ఊలు ముతకది, ఏకడం దగ్గర్నుంచి వడకడం దాకా అన్నీ వేరు. పత్తి పాఠాలు పనికిరావు, మెత్తటి మెరీనో ఊలుతో చేసిన ఇంగ్లీషు వీడియోలు అసలే పనికిరావు. తెలుగులో దీని మీద గొంగడి గొప్పతనం చెప్పే వీడియోలున్నాయి కానీ ఏకే చేతిని నిలకడగా చూపించినది నాకు కనిపించలేదు. మహబూబ్‌నగర్ వైపు ఒక కురుమ కుటుంబం పరిచయమైంది. బొచ్చు కత్తిరించాక రమ్మన్నారు. ఆ ఇంటి అమ్మ రోజు కూలి ఎంతో ముందే మాట్లాడుకున్నాం, రెండు రోజులకు. ఆవిడ ఒప్పుకుంటే భుజం వైపు నుంచి వీడియో కూడా తీసుకుంటాను.